లోపల పెట్టి కుట్టు

జాగ్రత్తగా రండి. గుమ్మం పక్కనే స్కూలు బూట్లు నాలుగు, నాలుగు దిక్కులా పడి ఉంటాయి. వాటిని దాటాక ఇక నేలంతా చీరే. సోఫాని గోడకి నెట్టి, టీపాయిని బాల్కనీలో పెట్టి, హాలు ఈ మూల నుంచి ఆ మూలకి పరిచాను. ఆరు గజాల చీర పూర్తిగా విప్పితే ఈ రెండు పడగ్గదుల ఫ్లాటులో కాలు పెట్టడానికి చోటు మిగల్లేదు. కిటికీ దగ్గర ఆ కుర్చీలో కూర్చోండి. కాళ్ళు కాస్త పైకి పెట్టుకోండి. మా అమ్మ చీర అది.

మార్చి నెల, బుధవారం, రాత్రి ఎనిమిది కావస్తోంది. హారిస్ పార్కు స్టేషన్లో దిగి కొంచెం దూరం నడిస్తే వచ్చే ఎర్ర ఇటుకల మూడంతస్తుల బిల్డింగు, మధ్య అంతస్తు మాది. కిటికీ కాస్త తెరిచే ఉంచాను. విగ్రమ్ స్ట్రీట్ వైపు నుంచి పెనం మీద దోసె వాసన, పోపు వాసన వస్తాయి. పది నిమిషాలకోసారి గ్రాన్విల్ వైపు నుంచి పారమట్టా వైపు పోయే రైలు చప్పుడు వినిపిస్తుంది. తెల్లారితే ఉగాది. ఆ మర్నాడు శుక్రవారం బళ్ళో హార్మనీ డే. 1999 నుంచి ఏటా మార్చి 21కి అటూ ఇటూగా దేశమంతా చేసుకునే రోజు ఇది, పిల్లలు ఎవరింటి బట్టలు వాళ్ళు కట్టుకుని బడికి వెళ్తారు. రెండు రోజులకీ కలిపి ఇద్దరు కూతుళ్ళకి రెండు లంగాలు, రెండు జాకెట్లు కావాలి. కత్తెర ఇంకా బల్ల మీదే ఉంది.

రెండు వారాలుగా అక్కడే ఉంది. రోజూ పిల్లలు పడుకున్నాక చీర తీస్తాను, కొలుస్తాను, సబ్బుముక్కతో గీత గీస్తాను, చేత్తో తుడిచేసి మళ్ళీ మడతపెడతాను. ఈ రాత్రి దాటితే ఇక వాయిదా లేదు.

దగ్గరికి వంగి చూడండి. చిలకపచ్చ ఒళ్ళు, కుంకుమ రంగు అంచు. గద్వాల చీరకి ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలూ పట్టూ కలిసేచోటుని కుప్పడం అంటారు. మగ్గం మీద మూడు నాడెలు ఆడిస్తూ, ఒళ్ళు పేకని అంచు పేకతో మెలివేసి, వరసకో ముడి పడేలా నేస్తారు. అక్కడ కుట్టిన అతుకు లేదు, నేసిన అతుకే. గోటితో రాసి చూడండి, సన్నగా రంపపు పళ్ళలా తగులుతుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ ఊరు గద్వాల. మా కర్నూలు నుంచి తుంగభద్ర దాటి వెళ్తే అంత దూరమేమీ కాదు. నా బారసాలకని నాన్న అక్కడికి వెళ్ళి నేతగాళ్ళ ఇంట్లోనే ఈ చీర కొనుక్కొచ్చాడట. నేసినవాళ్ళ పేరు మాకు తెలీదు. ఆ వరసల్ని మాత్రం ముప్పై ఆరేళ్ళుగా చూస్తున్నాను.

ఇటు చూడండి, ఇక్కడ చిట్లింది. బీరువాలో ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉండిపోతే పట్టు ఆ గీత వెంబడే తెగుతుంది. అందుకే మన పెద్దవాళ్ళు ఏడాదికోసారి పట్టుచీరలు తీసి, నీడన ఆరేసి, మడతలు మార్చి పెట్టేవాళ్ళు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక అటకా లేదు, బీరువా సర్దడమూ లేదు. కిందటేడు వెళ్ళినప్పుడు చీర నా చేతిలో పెట్టి, "ఇక కట్టడానికి పనికిరాదే, పిల్లలకి కుట్టెయ్" అంది. అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో!

ఫోను మోగుతోంది. అమ్మే. అక్కడ మధ్యాహ్నం రెండున్నర, భోంచేసి కాసేపు నడుం వాల్చి లేచి ఉంటుంది.

"కోశావా?"

"లేదమ్మా."

"ఇంకా చూస్తూ కూర్చున్నావా? ఫోను ఆ గిన్నెకి ఆనించి పెట్టు, నేను చూస్తాను. అల్లుడుగారు వచ్చారా?"

వచ్చారు. ఆఫీసు బ్యాగు భుజానే ఉంది, మెట్లెక్కిన ఆయాసం తగ్గలేదు. అయినా నేను చెప్పకముందే చీర అవతలి చివర గొంతుక్కూర్చుని కొంగు పట్టుకున్నారు. పెళ్ళయి పదకొండేళ్ళు. బట్ట కోసేటప్పుడు అవతలివాళ్ళు బిగువుగా పట్టుకోవాలి గానీ లాగకూడదని ఆయనకి ఇప్పుడు బాగా తెలుసు.

లెక్క ఇదీ. పెద్దదానికి మూడు గజాల చుట్టు, చిన్నదానికి రెండు గజాలు, మిగిలిన గజం కొంగు జాకెట్లకి. చీర వెడల్పు నలభై ఏడంగుళాలు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, నడుం నుంచి చీలమండ దాకా ముప్పై రెండంగుళాలు. కానీ ముప్పై రెండుకి కోయకూడదు. పైన పట్టీ కుట్టులోకి ఒక అంగుళం పోతుంది, మడతలకి ఆరంగుళాలు కావాలి. మొత్తం ముప్పై తొమ్మిది.

"లోపల పెట్టి కుట్టు" అంటోంది ఫోన్లోంచి అమ్మ. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో వినపడే మాటే. పండక్కి బట్టలు కుట్టించుకునే ప్రతి ఇంట్లోనూ వినపడేది, కొలతలు తీసుకునే ప్రతి దర్జీకీ చెప్పేది. పెరిగే పిల్ల, లోపల పెట్టి కుట్టు బాబూ.

ముప్పై తొమ్మిది దగ్గర సబ్బుగీత గీశాను. కత్తెర అందుకున్నాను. నూలు కాబట్టి మొదటి కోతకి కర్ మని చప్పుడొచ్చింది. ఆ చప్పుడు అమ్మకి కూడా వినిపించింది కాబోలు, ఫోన్లో ఒక్క క్షణం ఎవరం మాట్లాడలేదు. తర్వాత అమ్మే, "నడుస్తూ ఉండు, ఆపకు, మధ్యలో ఆపితే వంకర పోతుంది" అంది. ఆపలేదు. మూడు గజాల పొడుగునా మోకాళ్ళ మీద పాక్కుంటూ కోసుకుపోయాను.

మంచినీళ్ళు తాగుతారా? ఫ్రిజ్ పక్కన ఉన్నాయి. నేను చిన్నదాని సంగతి చూసొస్తాను.

చిన్నదానికి అయిదేళ్ళు. ఈ ఏడే బడిలో చేరింది. రోజూ రాత్రి ఒక చిన్న పుస్తకం చదివి వినిపించాలి, చివరి పేజీలో మనం సంతకం చెయ్యాలి. ఒక్కో మాటకీ వేలు ఆనించి చదువుతోంది. వింటూనే ఇటు పెరుగన్నం కలుపుతున్నాను, అటు రేపటి డబ్బాల్లోకి ఆపిల్ ముక్కలు కోస్తున్నాను. పెద్దది స్నానాల గదిలోంచి అరుస్తోంది, "అమ్మా, నా టోపీ కనపడ్డం లేదు!" ఇక్కడి బళ్ళలో టోపీ లేకపోతే ఎండలో ఆడనివ్వరు. టోపీ మిషను కింద ఉంది, దాన్నిండా దారపుండలు. నేనే పెట్టాను.

చిన్నదాన్ని కుర్చీ మీద నిలబెట్టి టేపు చుట్టాను. నడుం ఇరవై రెండు. పొడుగు ఇరవై అయిదు.

"ఇది నాకేనా?" అని అడిగింది.

"నీకే."

"అక్క వేసుకోలేదుగా దీన్ని?"

దానికి జవాబు చెప్పడానికి నాకు కాసేపు పట్టింది. అది పుట్టిన దగ్గర్నుంచి వేసుకున్న ప్రతి లంగా వాళ్ళ అక్కదే. మేం అలాగే పెరిగాం, తప్పేమీ లేదనుకున్నాను. మొన్న సంక్రాంతికి అక్క పాత లంగా తొడుగుతుంటే అంచు దగ్గర ముదురు గీతలు చూపించి, "ఇవేంటి?" అంది. విప్పిన మడతలవి. మడత లోపలి బట్టకి ఎండా తగలదు, ఉతుకుల రాపిడీ ఉండదు, అందుకని కొత్తలో ఉన్న రంగు ఉన్నట్టే ఉంటుంది. చుట్టూ బట్ట వెలిసిపోయి, ఆ రెండంగుళాల పట్టీ మాత్రం ఇవాళే కొన్నట్టు కనపడుతుంది. పక్కనే పాత కుట్టు పోయిన చోట సూది బెజ్జాలు, చీమల బారులా. "అక్క పెరిగినప్పుడు విప్పాం" అన్నాను. "మరి నేను పెరిగితే ఏది విప్పుతావు?" అంది. అందులో విప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ఈ చీర కోయాలని ఆ రోజే తేల్చుకున్నాను.

"ఎవరూ వేసుకోలేదు. నీ కోసమే కోశాను."

కుర్చీ దిగి వెళ్ళి, తన రెండు గజాల ముక్కని నేల మీద చదును చేసి, దాని పక్కనే పడుకుంది, పొడుగు సరిపోయిందా అని చూసుకుంటూ.

ఇక మడతల పని. ఇది మిషను మీద గబగబా కొట్టేసేది కాదు. కుప్పడం అంచుకి నాలుగు వేళ్ళ పైన మొదటి మడత, దానికి రెండు వేళ్ళ పైన రెండోది, మూడోది ఇంకా పైన. ఒక్కో మడత లోతు అంగుళం, అంటే రెండంగుళాల బట్ట లోపలికి పోతుంది. ఈ వయసు పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు ఎదుగుతారు, మన లెక్కలో రెండంగుళాలకి అటూ ఇటూ. ఏడాదికి ఒక మడత. ఎదుగుదల చార్టులు చూసి ఎవరూ మా అమ్మమ్మలకి చెప్పలేదు. చేతికొచ్చిన లెక్క అది, దాదాపు సరిపోతుంది.

మడత కుట్టు పెద్ద పెద్దగా వేయాలి, దారం మరీ గట్టిది కాకూడదు. మూడేళ్ళ తర్వాత విప్పబోయే చెయ్యి బట్ట చింపకుండా దారం మాత్రమే తెంపగలగాలి. కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్ళు దీన్ని కూడా మంచి కుట్టని చిన్నగా, బిగువుగా వేసేస్తారు. నేనూ వేశాను మొదట్లో. విప్పేటప్పుడు బట్ట కన్నాలు పడింది.

అద్దె ఇల్లు ఇది. గోడ మీద పెన్సిలు గీత కూడా గీయకూడదు. స్నేహితుల ఇళ్ళలో గుమ్మానికి పిల్లల పొడుగు గీతలు, పక్కన తేదీలు చూస్తాను. మా పిల్లల పొడుగు గీతలు లంగాల్లో ఉన్నాయి. ఊరు మారినా, ఇల్లు మారినా సూట్‌కేసులో పట్టేస్తాయి.

ఇది లైనింగు గుడ్డ. ముట్టుకోండి, మెత్తగా ఉంటుంది. ఆదివారమే చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిండకుండా ఆరేసి, ఇస్త్రీ చేశాను. మొన్న దీపావళికి ఈ పని చేయలేదు. తాను నుంచి కోయించిన గుడ్డని అలాగే వేసి కుట్టేశాను. పండగయ్యాక మొదటి ఉతుక్కి లైనింగు కుంచించుకుపోయింది, పైబట్ట కుంచించుకోలేదు. లంగా చుట్టూ బుడగలు బుడగలుగా ఉబ్బింది. పెద్దది ఏమీ అనలేదు, కానీ మళ్ళీ వేసుకోలేదు. పిల్ల ఏమీ అనకపోవడం అనడం కన్నా కష్టం. అంతా విప్పి, నానబెట్టి, మళ్ళీ కుట్టేసరికి నెల పట్టింది.

ఇంట్లో కుట్టడం ఎందుకు, ఇక్కడే వీధిలో దొరుకుతున్నాయిగా అంటారు. దొరుకుతాయి. 2023 మేలో రెండు దేశాల ప్రధానులూ కలిసి 'లిటిల్ ఇండియా' ముఖద్వారానికి శంకుస్థాపన ఫలకం ఆవిష్కరించింది ఈ పేటకే. ఉగాదికి కావలసిన ఎండు వేపపువ్వు, మామిడాకులు, కొత్త బెల్లం అన్నీ నడిచి వెళ్ళి తెచ్చుకున్నాను. పిల్లల లంగాలు కూడా హ్యాంగర్లకి వేలాడుతూ ఉంటాయి. ఎత్తి లోపల చూడండి. కోత అంచులు అలాగే పీచులు పీచులుగా వదిలేసి ఉంటాయి, జరీ వెనక దారాలు నేరుగా పిల్ల చర్మానికి తగులుతాయి, పక్క కుట్టులో అర అంగుళం కూడా ఉండదు. ఈ పండక్కి సరిపోయేట్టు కుట్టినవి అవి. వచ్చే పండక్కి ఈ పిల్ల ఉంటుందని వాటిని కుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఆ కుట్టేవాళ్ళకి ముక్కకింత అని ఇచ్చే కూలీలో అంగుళం బట్ట లోపల వదిలే వీలుండదు కూడా. తప్పు వాళ్ళది కాదు.

రైలు వస్తోంది. ఒక్క నిమిషం.

ఈ చప్పుడుంది చూశారూ, దీనికోసమే ఆగాను. తొమ్మిది దాటాక మిషను చప్పుడు కింది అంతస్తుకి వినపడుతుంది. మిషను కింద యోగా చాప నాలుగు మడతలు పెట్టి వేశాను, అయినా బల్ల కాళ్ళ గుండా దిగుతుంది. అందుకని పొడుగాటి కుట్లన్నీ రైలు వచ్చినప్పుడు తొక్కుతాను. ఒక రైలుకి ఒక పక్క కుట్టు అయిపోతుంది. తర్వాత రైలు దాకా చేతి పని. అమ్మది ఉషా కాలి మిషను, మధ్యాహ్నం పూట వీధి చివరికి వినపడేది. ఆ టకటక ఆగిపోయిందంటే అమ్మ టీ పెట్టడానికి లేచిందని మాకు తెలిసిపోయేది. నా మిషను కరెంటుది, వాడినదే కొన్నాను. అయినా 'తొక్కుతాను' అనే వస్తుంది నోటికి.

కింది అంతస్తులో ఉండేది లెబనాన్ నుంచి వచ్చిన పెద్దావిడ. మన దుకాణాలు రాకముందే ఈ పేటలో లెబనీసు కుటుంబాలు స్థిరపడ్డాయి. వాళ్ళ అవర్ లేడీ ఆఫ్ లెబనాన్ చర్చి ఇక్కడే ఉంది. చప్పుడు గురించి క్షమాపణ చెప్పడానికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, నా చేతిలో ఉన్న గౌను లాక్కుని తిరగేసి చూసింది. లోపలి కుట్లు చూసింది ముందు. తర్వాత ఇస్త్రీపెట్టె తెచ్చి, ఒక కుట్టు ఇస్త్రీ చెయ్యకుండా రెండో కుట్టు మీదికి వెళ్ళకూడదని చేసి చూపించింది. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే. కానీ బట్ట తిరగేసి చూసేవాళ్ళతో మాటలు ఎక్కువ అక్కర్లేదు. అప్పట్నుంచి నాకు ఇస్త్రీపెట్టె చల్లారదు.

ఆ బుస్సు మంటున్న ఆవిరిలో నాకు మొన్నటి శనివారం గుర్తొస్తోంది. పిల్లల్ని తీసుకుని ఎలిజబెత్ ఫార్మ్‌కి వెళ్ళాం. ఇక్కణ్ణుంచి నడక దూరమే, రోజ్‌హిల్‌లో. బరమట్టగల్ ప్రజల నేల మీద 1793లో మకార్థర్ దంపతులు కట్టుకున్న ఇల్లు. ఈ దేశంలో యూరోపియన్లు కట్టుకున్న ఇళ్ళలో ఇప్పటికీ నిలిచి ఉన్న అతి పాత ఇంటి గోడలు అందులో ఉన్నాయి. తాళ్ళు కట్టి దూరం పెట్టరు, కుర్చీల్లో కూర్చోవచ్చు, అన్నీ ముట్టుకోవచ్చు. 1797లో దక్షిణాఫ్రికాలోని కేప్ నుంచి తెచ్చిన మెరీనో గొర్రెలతో మొదలై ఆస్ట్రేలియా ఉన్ని ప్రపంచానికి తెలియడంలో ఈ ఇంటివాళ్ళది పెద్ద చెయ్యి. పేరు జాన్ మకార్థర్‌ది. కానీ ఆయన 1809 నుంచి 1817 దాకా ఇంగ్లండులో ఉండిపోతే మందనీ, పొలాన్నీ, ఆడపిల్లల్నీ చూసుకున్నది ఎలిజబెత్.

అక్కడి పరుపు మీద చెయ్యి వేసి పెద్దది అడిగింది, "ఇవన్నీ ఎవరు కుట్టారమ్మా?"

ఆ ఇంటి గుడ్డల సంగతి నేను చెప్పలేను గానీ, ఈ ఊళ్ళో బట్ట ఎవరు నేశారో మాత్రం చెప్పాను. నదికి అవతల, పారమట్టా ఉత్తరాన, 1821లో పూర్తయిన ఫీమేల్ ఫ్యాక్టరీ గోడలు ఇంకా ఉన్నాయి. శిక్ష పడి ఓడల్లో వచ్చిన ఆడవాళ్ళని అందులో పెట్టి ఉన్ని వడికించేవారు, నేయించేవారు. అక్కడ తయారైన ముతక గుడ్డని పారమట్టా క్లాత్ అనేవారు. కాన్పులకీ అక్కడికే వచ్చేవారు, పసిపిల్లలూ వాళ్ళతోనే ఉండేవారు. 1827లో తిండి తగ్గించారని వాళ్ళలో చాలామంది గేట్లు విరగ్గొట్టుకుని ఊళ్ళోకి వచ్చేశారు. రొట్టె దుకాణాల మీద పడ్డారు.

"రొట్టె దొరికిందా?" అంది పెద్దది.

"దొరికింది."

"పాపలకి కూడా పెట్టారా?"

పెట్టే ఉంటారు అన్నాను. ఇంటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

పదిన్నర. చిన్నది సోఫా మీదే నిద్రపోయింది, గుప్పెట్లో పచ్చ దారం కొస. పెద్దది మాత్రం పడుకోనంటోంది, జాకెట్టు చేతులు చూడాలట. బుట్ట చేతులు కావాలని రెండు నెలల కిందటే చెప్పింది. కోసినప్పుడు మిగిలిన పైపట్టీ ఉంది చూడండి, ఎనిమిదంగుళాలది, దానికి చీర రెండో అంచు ఉంది. ఆ అంచు చేతి చివర వచ్చేట్టు, పైన కుచ్చిళ్ళు పోసి బుట్టలా నిలబెట్టాలి. కుచ్చిళ్ళకి రెండు వరసల కచ్చా కుట్టు వేసి, దారాలు రెండూ కలిపి మెల్లగా లాగితే బట్ట తనంతట తనే సర్దుకుంటుంది. లాగే పని పెద్దదానికి ఇచ్చాను. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని లాగుతోంది.

"అమ్మా, లంగాకి జేబు పెడతావా?"

"లంగాకి జేబేమిటే?"

"నాన్న ప్యాంటుకి నాలుగున్నాయి. నా ఒపాల్ కార్డు ఎక్కడ పెట్టుకోవాలి? నీ బ్యాగులోనేనా ఎప్పుడూ?"

ఫోన్లో అమ్మ నవ్వుతోంది, ఇంకా కట్ చెయ్యలేదు. మా చిన్నప్పుడు చిల్లర పైసలు లంగా బొందు దగ్గర ముడేసుకునేవాళ్ళం. బడికి చేరేసరికి ఆ ముడి ఎక్కడో జారేది. అమ్మమ్మ బొడ్డు దగ్గర దోపుకునే గుడ్డసంచీ గుర్తొచ్చింది నాకు. ఆడవాళ్ళకి డబ్బు పెట్టుకునే చోటు బట్టలో కుట్టి ఇవ్వాలని మనవాళ్ళకీ తోచలేదు, ఇక్కడివాళ్ళకీ తోచలేదు. నా కూతురికి తోచింది.

పట్టు మిగల్లేదు. కిందటేడు పెద్దదానికి పొట్టి అయిపోయిన యూనిఫారం గౌను ఉంది, నీలం గళ్ళది. దాని వీపు ముక్క కోసి రెండు జేబులు చేశాను, ఒకటి దానికి, అడగకపోయినా చిన్నదానికి ఒకటి. లంగా పక్క కుట్టులో లోపలికి దిగేట్టు పెట్టాను. పైకి ఏమీ కనపడదు. చెయ్యి పెడితే మాత్రం పచ్చ నూలు పక్కన నీలం గళ్ళు, లోపల అరచెయ్యంత చోటు.

"పెట్టి చూడు."

చెయ్యి పెట్టింది. మోచేతి దాకా దించాలని చూసింది. తర్వాత మాట్లాడకుండా వెళ్ళి కార్డు తెచ్చుకుని, ఇంకా పట్టీ కూడా పడని లంగాలో దాన్ని జారవిడిచి, పడుకోవడానికి వెళ్ళింది.

పన్నెండు దాటింది. రైళ్ళు పలచబడ్డాయి. మీకు నిద్రొస్తే చెప్పండి, అలా ఒరగండి. నాకింకా జాకెట్ల పక్క కుట్లున్నాయి. ఇక్కడా అంతే, లోపల అంగుళంన్నర వదిలి మూడు వరసలు కుట్టాలి. ఒళ్ళు వస్తే లోపలివైపు వరస ఒకటి విప్పుకోవచ్చు. మా ఊళ్ళో జాకెట్టు కుట్టించుకున్న ఏ ఆడమనిషినైనా అడగండి, తన జీవితంలో ఏ వరస ఎప్పుడు విప్పిందో చెబుతుంది. పెళ్ళికి కుట్టించినది, మొదటి కాన్పు తర్వాత విప్పినది, జ్వరం వచ్చి లేచాక మళ్ళీ బిగించినది.

చిన్నదాని లంగాకి బొందు పెట్టలేదు. అయిదేళ్ళ పిల్లకి నడుమేది, బొందు నిలవదు, బిగిస్తే ఎర్రగా గాటు పడుతుంది. చేతుల్లేని బాడీ కుట్టి దానికే లంగా అతికించాను, బరువు భుజాల మీద పడుతుంది. పైన జాకెట్టు వేస్తే బాడీ కనపడదు. ఎంత గెంతినా జారదు. అది గెంతకుండా ఉండదు.

ఆయన లేచొచ్చి, ఏమీ అడక్కుండా, సూదుల్లోకి దారాలు ఎక్కించి దిండుకి గుచ్చి పెట్టారు, ఆరు సూదులు. ఈ వేళప్పుడు నా కళ్ళకి సూది బెజ్జం ఆనదని తెలుసు. హుక్కులు కుట్టాను, దారపు కాజాలు అల్లాను. పెద్దదానికి ఆరు, చిన్నదానికి అయిదు. చివరి కాజా ముడేసి, కొస కత్తిరించి, ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసేసరికి మూడు. అమ్మకి ఫోటో పంపాను, ముందు పైవి కాదు, తిరగేసి లోపలి కుట్లవి. వెంటనే జవాబొచ్చింది. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర కదా. "బాగుంది. మడత కుట్టు ఇంకా కాస్త పెద్దది వెయ్యాల్సింది."

తెల్లారింది, లేవండి. కర్నూల్లో ఈ పాటికి వేపచెట్టు కింద పువ్వు రాలి నేల తెల్లగా ఉంటుంది. ఇక్కడ శరదృతువు, వీధి చెట్ల ఆకులు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి. వేపపువ్వు పొట్లం విప్పి నేతిలో వేయించాను, చింతపండు పిసికాను, మామిడికాయ మాత్రం ఫ్రీజర్లోది. ఒక చెంచా పుచ్చుకోండి, చేదు ముందు తగులుతుంది.

పిల్లలకి తలంట్లు అయ్యాయి. పెద్దది తనే హుక్కులు పెట్టుకుంది, అందని పై రెండూ తప్ప. అంచు సరిగ్గా పాదం మీదికి వచ్చింది. బుట్ట చేతులు అద్దంలో అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చూసుకుంది. ఎడమ చెయ్యి జేబులోనే ఉంది.

చిన్నది అద్దం వైపే చూడలేదు. లంగా తొడగ్గానే నేల మీద చతికిలబడి, అంచు పైకెత్తి, వేలితో తడుముతూ లెక్కపెట్టింది.

"ఒకటి. రెండు. మూడు." తలెత్తింది. "మూడున్నాయి!"

"మూడున్నాయి."

"ఇది ఎప్పుడు విప్పుతావు?"

"వచ్చే ఉగాదికి."

"ఇదీ?"

"ఆ పై ఉగాదికి."

మూడోదాని గురించి అడగలేదు. అక్క పిలిచింది, వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింట్లో బెల్లం కొడుతున్న చప్పుడు, తర్వాత గుసగుసలు, తర్వాత ఏమీ లేదు. పూజ దగ్గర దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే నా చేతికి ఏదో జిగటగా తగిలింది. దాని జేబులో చెయ్యి పెట్టాను. నీలం గళ్ళ మీద, వెచ్చబడి మెత్తబడిన బెల్లం ముక్క.

"అది మధ్యాహ్నానికి" అంది.